నా కడుపున పుట్టిన రాక్షసులు

నేను ఓవెన్ని. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌కి ఉత్తరాన, పుకెరువా బే అనే సముద్రతీరపు ఊళ్ళో, జాక్సన్ల వంటింట్లో నా కొలువు. మాంసం, కేకులు, అప్పుడప్పుడూ రొట్టె. అంతకుమించి లోకం నాకు తెలీదు.

1983లో ఆ ఇంటి ఒక్కగానొక్క అబ్బాయి పీటర్ ఒక చిన్న సినిమా మొదలెట్టాడు. అప్పట్లో దాని పేరు ‘రోస్ట్ ఆఫ్ ద డే’. పేరు విని నా మీదే తీస్తున్నాడని మురిసిపోయాను. తీరా చూస్తే కథ వేరు: పరాయి గ్రహపు ఫాస్ట్‌ఫుడ్ వ్యాపారులు ఓ పల్లెలో దిగి, జనాన్ని నరికి, మాంసాన్ని అట్టపెట్టెల్లో సర్దేస్తారు. అబ్బాయికి ‘ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో ఫొటో ఎన్‌గ్రేవర్ ఉద్యోగం. షూటింగంతా సెలవు రోజుల్లోనే. నటులు స్నేహితులే. తాళం తిప్పే బొలెక్స్ కెమెరా అర నిమిషానికే చతికిలబడేది. గడ్డంతో ఒక వేషం, గడ్డం తీసేసి ఇంకో వేషం కట్టి, కొండకొమ్మున తనతో తనే కొట్టుకున్నాడట! చిన్న సినిమా కాస్తా నాలుగేళ్ళు సాగి ‘బ్యాడ్ టేస్ట్’ అయి కూర్చుంది.

ఇక నా పని. ఆ పరాయి గ్రహపువాళ్ళ తలల ముసుగుల కోసం లేటెక్స్ ద్రవాన్ని గుడ్డుసొనలా గిలక్కొట్టి, ఆ నురగని అచ్చులో పోసి నాలో పెట్టేవాడు. మంట సన్నగా ఉండాలి, గంటలకొద్దీ కదపకూడదు. అంతసేపూ ఇంట్లో వేరే వంట మాటే లేదు. రబ్బరు కంపు మాత్రం మిగిలేది. మనుషుల్ని వండుకు తిందామని వచ్చినవాళ్ళు ముందు నాలో కాలారన్నమాట; నాకది న్యాయంగానే తోచింది.

అయితే ఆ తలలు నాలో నిలువుగా పట్టలేదు. వెనక్కి వంచితేగానీ తలుపు పడలేదు. సినిమాలో వాళ్ళ తలలు వెనక్కి వాలి ఉండటం చూసి, గ్రహాంతర శరీరనిర్మాణమని మెచ్చుకునేవాళ్ళుంటారు. అది నా లోపలి కొలత, అంతే.

చివర్లో న్యూజిలాండ్ ఫిల్మ్ కమిషన్ డబ్బు ఇచ్చింది, అబ్బాయి ఉద్యోగం మానేశాడు. 1988లో కాన్ సినీ మార్కెట్‌లో ఎన్నో దేశాల వాళ్ళు సినిమా కొన్నారు. తర్వాత అతను తీసిన ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఉరుక్‌హై రాక్షసులు మెడలు నిటారుగా పెట్టి నడుస్తారు. వాళ్ళకి నాకంటే పెద్ద ఓవెనే దొరికి ఉంటుంది.