ఆదిమానవుల శిబిరం: టీకా తాత్పర్య సహితం

మూలం: ‘ఆదిమానవుల వారం. పిల్లలు పిండితో శిలాజములు చేసెదరు. గుహగోడపై హస్తముద్రలు వేసెదరు. అగ్నిపర్వతమును పొంగించెదరు. డైనోసార్‌ను వేటాడెదరు. పాత చొక్కా తప్పనిసరి.’

అవతారిక: వేసవి శిబిరాల కరపత్రాలన్నీ ఇంచుమించు ఈ ఫక్కీలోనే ఉంటాయి. చదివి పారేసే కాగితమే అయినా అర్థగౌరవం గలది కనుక వ్యాఖ్యానించబడుచున్నది.

టీక: పిండి = రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, తగినన్ని నీళ్లు కలిపి చపాతీ పిండిలా పిసికినది. రాతి రంగు రావాలంటే చెంచాడు కాఫీపొడి. అందులో ప్లాస్టిక్ బొమ్మ పాదమో, వేపరెమ్మో, ఆల్చిప్పో నొక్కి ఎండలో పెడితే శిలాజం సిద్ధం. ఇది వట్టి ఆటేనని కొట్టిపారేయరాదు. మెత్తని బురదలో పడిన అడుగు గట్టిపడి, పైన పూడిక చేరి, చివరికి రాయిగా మారడమే అసలు కథ. పద్ధతి ఒకటే, గడువులోనే తేడా.

హస్తముద్రలు = రెండు విధములు. అరచేతికి రంగు పూసి అద్దడం ఒకటి. చేతిని గోడకు ఆనించి చుట్టూ రంగు ఊదడం రెండోది. ఇండోనేషియాలోని సులవేసి దీవి గుహలో రెండో పద్ధతిలో వేసిన చెయ్యి ఒకటి కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో తేల్చారు. శిబిరంలో నోటితో ఊదనివ్వరు (తల్లులు ఒప్పుకోరు). పాత టూత్‌బ్రష్‌ను రంగులో ముంచి బొటనవేలితో దాని పోచలను వెనక్కి లాగి వదిలితే తుంపర పడుతుంది. చెయ్యి తీయగానే చార్టు మీద తెల్లటి వేళ్లు మిగులుతాయి. పక్కవాడి ముఖం మీద మిగిలేదానికే ‘పాత చొక్కా’ అనే పదం.

అగ్నిపర్వతము = మట్టిదిబ్బలో దాచిన సీసా. వంటసోడా మీద వెనిగర్ పోస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పొంగుతుంది. గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు పడితే నురగ నిలుస్తుంది. అసలు లావా కోసం దూరం పోనక్కర్లేదు. రాజమండ్రి దగ్గరి కాతేరు, పంగిడి ప్రాంతాల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావాయే.

‘డైనోసార్‌ను వేటాడెదరు’ అన్నచోట మూలం చతికిలపడింది. ఆ జంతువులు అంతరించిందీ ఆ 6.6 కోట్ల ఏళ్ల కిందటే. మన జాతి మనిషి పుట్టి సుమారు మూడు లక్షల ఏళ్లు. వేటగాడు అంత ఆలస్యంగా వస్తే వేటేమిటి?

పూర్వపక్షం: పక్షులు డైనోసార్ల సంతతే కదా, మధ్యాహ్నం కోడి పలావు పెడితే వాక్యం సార్థకం కాదా?

సమాధానం: శాస్త్రం ఒప్పుతుంది. కానీ పలావు తినేవాణ్ణి వేటగాడనరు.

విశేషం: శిబిరాల గోడల మీద కోరలు చూపేది ఎప్పుడూ ఉత్తర అమెరికా టీ రెక్సే. తెలుగు నేలకు సొంత డైనోసార్ ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన పొడుగు మెడ శాకాహారికి 1988లో పి. యాదగిరి కోటసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

తాత్పర్యం: మొదటి మూడు పనులూ ఉండవలసినవే. నిర్వాహకులు డైనోసార్ వేట వాక్యం కొట్టేసి, ఆ పూట పిల్లల్ని కోటసారస్ దగ్గరికి తీసుకువెళ్లి బొమ్మ వేయించాలని మనవి. ఆ రోజుకు మంచి చొక్కాయే వేసుకోవచ్చు.