డబుల్ ఏసీ

రావులపాలెం హైవే పక్కన నిలబడే అద్దె బండ్లలో, వెనకద్దం మీద ‘డబుల్ ఏసీ’ అని ఎర్ర స్టిక్కరు ఉన్నదానికి పెళ్ళిళ్ళ సీజన్లో గిరాకీ వేరు. మా స్నేహితుడి బండికి ఆ స్టిక్కరుంది. 2003 మోడలు, వెనకాల ఎదురెదురు బెంచీలు. ఏ కంపెనీదో చెప్పను. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు.

వెనక ఏసీ మోజు మన వ్యాన్లకి పట్టింది ఆ రోజుల్లోనే. 2000లో క్వాలిస్ దిగింది. 2001లో మారుతి వెర్సా వచ్చినప్పుడు ప్రకటనలో అమితాబ్, అభిషేక్ తండ్రీకొడుకులిద్దరూ కనిపించారు, బండి గొప్పల్లో జంట ఏసీ ఒకటి. వెర్సా పెద్దగా అమ్ముడుపోలేదు, మోజు మాత్రం మిగిలింది. నిజానికి కార్లో చల్లగాలి పుట్టిందే వెనకనుంచి. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడళ్ళలో ఏసీ పెట్టినప్పుడు కూలింగ్ కాయిల్ డిక్కీలో ఉండేది. కంప్రెసర్ని ఆపడానికి స్విచ్చి లేదు, బానెట్టెత్తి బెల్టు ఊడదీయాల్సిందే. అదే బండి మన డ్రైవర్ల చేతికిస్తే, పెట్రోలు కలిసొస్తుందని ఆ బెల్టు మళ్ళీ బిగించేవారే కాదు.

నాలుగేళ్ళ కిందట మావాడి బండికి వెనక చలవ పోయింది. వేసవిలో షెడ్లన్నీ కిటకిటలాడతాయి, రేటూ ఎక్కువేనని ధనుర్మాసం దాకా ఆగి, మా వీధిలోనే ఉండే ఏసీ మేస్త్రీ దగ్గరికి తోలాడు. నేనూ వెళ్ళాను. మేస్త్రీకి పని కంటే పాఠం చెప్పడం ఇష్టం. అబద్ధమెందుకు, చక్కగా చెప్తాడు.

“ఆయ్, డబుల్ ఏసీ అని రాసుకుంటారు గానండీ, కంప్రెసర్ ఒకటే, కండెన్సర్ ఒకటే. రెండు ఉండేవి కూలింగ్ కాయిళ్ళండి. ఒకటి డాష్‌బోర్డు లోపల, ఒకటి వెనకాల. దేని ఎక్స్‌పాన్షన్ వాల్వు దానిదే. ఇంజను దగ్గర్నుంచి సన్న పైపులో గ్యాసు నీళ్ళలా వెనక్కి పోద్ది. వాల్వు సందులోంచి దూరగానే ప్రెజర్ పడిపోయి, కాయిల్లో మరిగిపోద్దండి. మరగడానికి వేడి కావాలి కదా, ఆ వేడి మన గాల్లోంచి లాక్కుంటది. అదీ చలవంటే. ఆవిరైన గ్యాసు లావు పైపులో వెనక్కొచ్చేస్తది. ఏసీ బాగుందో లేదో తెలియాలంటే మీటర్లు అక్కర్లేదండి, బండి కిందకి దూరి పైపులు పట్టుకుంటే చాలు. సన్నది వెచ్చగా ఉండాల, లావుది చల్లగా చెమట పట్టాల.”

బండిని ర్యాంపు ఎక్కించి చూపించాడు. నేల కింద అంత పొడుగునా పోయే అల్యూమినియం పైపులు. కోనసీమ బురద, కంకర దెబ్బలు, సముద్రపు ఉప్పుగాలి. పైపు మీద తెల్లటి పొడి లేచి, దాని పక్కన నూనె మరక. గ్యాసుతో పాటు కంప్రెసర్ ఆయిలు కూడా పైపుల్లో తిరుగుతుందట, అందుకని మరక ఎక్కడుంటే లీకు అక్కడ. సబ్బు నురగ పూస్తే బుడగలు లేచాయి. వెనక కాయిల్ కూడా పుచ్చిపోయింది.

“కొందరు ఏం చేస్తారంటేనండీ, వెనక్కెళ్ళే పైపుల్ని ముందే కోసేసి డమ్మీ కొట్టేస్తారు. ఇంక గ్యాసంతా ముందు కాయిల్‌కే. ముందు కూర్చున్నోడికి మంచు కురుస్తది. మనకా అలవాటు లేదండి.”

కొత్త పైపులు, కాయిల్, వాల్వు, డ్రయ్యరు, వ్యాక్యూమ్ పట్టించి తూకం ప్రకారం గ్యాసు. మొత్తం ఇరవై రెండు వేలు. మావాడు బేరమాడకుండా ఇచ్చాడు. గోదావరి జిల్లాల్లో అదే ఒక వింత. సాయంత్రం బండి తెచ్చుకున్నప్పుడు ముందు గాలి వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. వెనక బ్లోయరు మూడో నంబరులో హోరెత్తుతోంది. ధనుర్మాసం చలిలో దాని ముందు చెయ్యి పెట్టి, “అదిరిపోయింది” అన్నాడు మావాడు. “వెనక కొంచెం తక్కువే ఉంటదండి, పైపు పొడుగు కదా” అని మేస్త్రీ ముందుజాగ్రత్తగా ఒక మాట వేసి ఉంచాడు.

ఆ మాట మావాడికి నాలుగేళ్ళు అక్కరకొచ్చింది. వెనక కూర్చున్నవాళ్ళు ఉడికిపోతున్నామంటే, “పైపు పొడుగండి” అనేవాడు. తనెప్పుడూ స్టీరింగు దగ్గరే. సొంత బండిలో వెనక బెంచీ మీద కూర్చునే అవసరం ఏ ఓనరుకి వస్తుంది?

ఈ వైశాఖంలో మేస్త్రీ కూతురి పెళ్ళయింది. మూడో రోజు రెండు కుటుంబాలూ అన్నవరం వ్రతానికి బయల్దేరాయి. మావాడు కృతజ్ఞత గలవాడు. “నా బండికి ప్రాణం పోసినవాడివి, నీ దగ్గర అద్దేంటి” అని బండి తనే తోలుకొచ్చాడు. మేస్త్రీ మొహంలో సంతోషం కనపడలేదు. మొహమాటం కాబోలనుకున్నాను.

“బావగారూ, తవరు ముందు కూర్చోవాలి” అని వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నాడు మేస్త్రీ. “అబ్బే, మా అక్కయ్యకి డెబ్భై దాటాయండి, ఆవిణ్ణి కూర్చోపెట్టండి” అన్నాడాయన. మేస్త్రీ మరో రెండుసార్లు బతిమాలాడు. మర్యాదకి మర్యాద అడ్డం పడ్డాక ఎవరు గెలుస్తారు? అక్కయ్యగారు ముందు ఎక్కారు. కొత్త దంపతులు, పెళ్ళికొడుకు తల్లి మధ్యలో. వెనక బెంచీల మీద వియ్యంకుడు, ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా మేస్త్రీ, పక్కన నేను.

గౌతమి వంతెన దాటి జొన్నాడ వచ్చేసరికి ముందు సీటులో అక్కయ్యగారు చెవులకి కొంగు చుట్టుకున్నారు. వేమగిరి దగ్గర, “చలేస్తోంది నాయనా, తగ్గించు” అన్నారు. వెనక మా చొక్కాలు వీపులకి అంటుకుపోయాయి. పైనుంచి గాలి ధాటిగా కొడుతోంది, బట్టీ ముందు నిలబడ్డట్టు. వియ్యంకుడు ఒకసారి అరచెయ్యి ఎత్తి గాలికి పెట్టాడు. ఏమీ అనలేదు.

ఆయనది భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీ. చెరువుల మీద రొయ్య పట్టిన రోజున లారీలకి దిమ్మలు అందించే పని. అమ్మోనియా గ్యాసుతో ఏళ్ళ తరబడి కాపురం చేసినవాడికి చలవ గురించి ఒకరు చెప్పేదేముంటుంది?

ఆ మౌనం మేస్త్రీ భరించలేకపోయాడు. మాట మార్చడానికి సారె ఎత్తుకున్నాడు. మంచం, బీరువా, ఫ్రిజ్జు. “అన్నిటికంటే ముందు ఒకటిన్నర టన్ను ఏసీ అండి. బుధవారం నేనే తెచ్చి, దగ్గరుండి బిగిస్తాను. బయటోళ్ళని నమ్మడానికి లేదండి ఈ రోజుల్లో.”

జగ్గంపేటలో బొండాల కోసం ఆపారు. కోనసీమ నుంచి వచ్చి జగ్గంపేటలో డబ్బిచ్చి కొబ్బరిబొండాం తాగడం ఎంత నామోషీయో బయటివాళ్ళకి తెలియదు. అయినా తాగాం. వియ్యంకుడు తాగలేదు. “ఇంజను ఆపకండి, వెనక ఏసీ కూడా ఉండనివ్వండి” అని మావాడికి చెప్పి, పట్టు పంచె పైకి దోపి, వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి సన్న పైపు పట్టుకున్నాడు. తర్వాత లావు పైపు. రెండూ రోడ్డంత వేడిగా ఉన్నాయి కాబోలు, చటుక్కున చెయ్యి తీసేశాడు. అక్కణ్ణుంచి పైపుల వెంటే చూసుకుంటూ ముందు చక్రం దాకా వచ్చి, వంగి, నన్ను కూడా చూడమని వేలు చూపించాడు. రెండు పైపులూ కోసి, కొనలు నొక్కి, నీటుగా వెల్డింగు పెట్టి ఉన్నాయి. పని మాత్రం చాలా శుభ్రమైన పని. వెనకాల పోతున్న పైపుల మీద తెల్ల పొడి పాతదే, నూనె మరక పాతదే.

మావాడు మురిసిపోతూ దగ్గరికొచ్చాడు. “ఏసీ చూస్తున్నారాండీ? మీ బావగారి చేతి చలవేనండి. ఇరవై రెండు వేలు తీసుకున్నా, నాలుగేళ్ళయింది, మళ్ళీ చెయ్యి పెట్టక్కర్లేకపోయింది.”

“అవునండి. అప్పుడు కూడా పెట్టినట్టు లేదు” అన్నాడు వియ్యంకుడు.

మావాడికి అర్థం కాలేదు, పొగడ్త అనుకుని నవ్వాడు. మేస్త్రీ బొండాం చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మళ్ళీ ఎక్కాం. మేస్త్రీ చూపు కిటికీలోంచి ఇటు తిరగలేదు. కత్తిపూడి దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు, బ్లోయరు హోరు తప్ప. రత్నగిరి కనపడగానే వియ్యంకుడు కండువాతో మొహం తుడుచుకుని, కొండకి దణ్ణం పెట్టుకుని, ముందుకి వంగాడు. మధ్య సీటులో పిల్లకి వినపడకుండా, చాలా మర్యాదగా అడిగాడు:

“బావగారూ, ఒక్క మాటండి, ఏమీ అనుకోకండి. బుధవారం సారెలో వచ్చే ఏసీకి లోపల కాయిల్ ఉంటదాండీ, గాలొక్కటేనాండీ?”