అడ్డం పెరిగినదాని అద్దె బాధలు

ఈ కథ చెప్పుకుంటున్నది పడవే. అయినా "నేను" అనదు. దానికి ఉన్నవి రెండు పొట్టలు. ఏ పొట్ట "నేను" అనాలన్న తగువు తేలక, తన గురించి తానే "అది" అని చెప్పుకోవడం అలవాటు చేసుకుంది.

అది కాటమరాన్. రెండు దోనెలు, మధ్యన ఒక వంతెన, ఆ వంతెన మీద ఇల్లు. పొడవు 12 మీటర్లు, వెడల్పు 7కు కాస్త తక్కువ. పుట్టింది ఫ్రాన్సులో, అట్లాంటిక్ ఒడ్డున లా రొషెల్ దగ్గర. ఇప్పటి యజమానిది మాత్రం పాకాల. బెర్తు అనగానే సైడ్ లోయరా, అప్పరా అని అడిగే ఊరు. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం వైపులకు దారులు చీలే ఆ జంక్షన్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, ఓడల్లో ఇంజనీరై, పదవీ విరమణ తర్వాత ఇద్దరు మిత్రులతో వాటా వేసుకుని దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. బేరం బాగానే కుదిరింది. దీన్ని రాత్రికి ఎక్కడ కట్టేయాలన్న బేరమే ఇంకా నడుస్తోంది.

పడవ సొంతదైనా నిలబెట్టే చోటు, అంటే బెర్తు, అద్దెదే. ఆ చోట్లు అమ్ముకునేదే మెరీనా. అలలు రాకుండా కట్టిన గోడ లోపల తేలే జెట్టీలు, ఒక నీళ్ల కొళాయి, ఒక కరెంటు ప్లగ్గు, స్నానాల గది, కాపలా. లా రొషెల్‌లోని మినిమ్ రేవులో ఇలాంటి చోట్లు నాలుగు వేలకు పైగా ఉన్నాయి. పుట్టినూళ్లో ఇన్ని చూసి, ఎక్కడికెళ్లినా తనకో మూల దొరక్కపోతుందా అనుకుంది పాపం.

చాలాచోట్ల అద్దె పొడవును బట్టి ఉంటుంది. అయితే మధ్యధరా తీరంలో పడవలు వెనక్కి నడిచి, వీపు గట్టుకు ఆనించి, పక్కపక్కనే నిలుస్తాయి. అంటే మెరీనా నిజానికి అమ్ముకునేది గట్టు బారు, దాన్ని తినేది పడవ వెడల్పు. 12 మీటర్ల మామూలు పడవ నాలుగు మీటర్ల గట్టు తింటుంది. ఇదేమో ఇద్దరి విస్తళ్లు ముందేసుకుని కూర్చుంటుంది. అందుకే ఒకటిన్నర రెట్లు కట్టమనే రేవులు బోలెడు, రెండింతలు అడిగేవీ లేకపోలేదు. మొదటిసారి బిల్లు చూసి యజమాని "ఇంత దుడ్లా సామీ!" అని కూలబడ్డాడు. కాసేపటికి ఆయనే సర్దుకున్నాడు. పాకాలలో మీటరు వెడల్పు పట్టాలు పీకి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వేసినప్పుడు ఎంత పని పడిందో ఆయనకు తెలుసు.

వెడల్పు మీద కోపం కొత్తది కాదు. 1876లో అమెరికాలో నెథానియల్ హెరెషాఫ్ అనే పడవల శిల్పి 'అమరిలిస్' అనే రెండు పొట్టల పడవ కట్టి న్యూయార్కు పందెంలో అందరినీ వెనకేశాడు. ఓడినవాళ్లు ఫిర్యాదు చేశారు, గెలుపు రద్దయింది. ఆ కుళ్లే ఇప్పుడు బిల్లులో అదనపు గీతగా కనిపిస్తోందని దీని అనుమానం. అనుమానమే, సాక్ష్యం లేదు.

చోటు వెతకడం ఇంకో తంతు. జూలై, ఆగస్టుల్లో రేవు దగ్గరికి వచ్చి వీహెచ్ఎఫ్ రేడియోలో పిలిస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "వెడల్పెంత?" జవాబు విన్నాక ఒక మౌనం. అదృష్టముంటే జెట్టీ చివర, ఇంగ్లీషు టీ అక్షరంలో అడ్డగీతలా ఉండే కొసన కట్టుకోమంటారు. అక్కడ అటూ ఇటూ ఒరుసుకునేవాళ్లుండరు. కానీ వచ్చేపోయే ప్రతి పడవ లేపే అల ముందు దీనికే తగులుతుంది.

రేవు దొరకని రాత్రి లంగరే దిక్కు. ఇక్కడ మాత్రం దీనిదే పైచేయి. అడుగున బరువైన కీల్ రెక్కతో రెండు మీటర్ల లోతు అడిగే ఒంటి పొట్ట పడవలు దూరాన ఆగిపోతే, మీటరుంబావు నీళ్లు చాలు కనుక ఇది ఒడ్డు దాకా పోయి ఇసుకలో లంగరు దింపుకుంటుంది, అదీ ఉచితంగా. గాలి తిరిగితే యజమానికి ఆ రాత్రి జాగారమే. ఈ ఉచితాలూ తగ్గుతున్నాయి. స్పెయిన్ బలియారిక్ దీవుల్లో 2018 నుంచి పొసిడోనియా అనే సముద్రపు గడ్డి మీద లంగరు వేయడం నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ గడ్డిని గొలుసులు చీరేస్తున్నాయి మరి. గ్రీసులో 2019 నుంచి 7 మీటర్లు దాటిన పడవలు తిరిగినందుకే పన్ను కట్టాలి.

చలికాలం ఒడ్డెక్కాలి. పడవను పట్టీలతో ఎత్తే క్రేను కాళ్ల మధ్య దూరం చాలక వెనక్కి పంపిన యార్డులున్నాయి. చివరికి గ్రీసులో ప్రెవెజా ఎదుటి ఆక్టియో ఒడ్డున చోటు దొరికింది. క్రీస్తు పూర్వం 31లో ఆంటోనీ, క్లియోపాత్రల నౌకాదళం ఓడిన చోటు అదే. ఇప్పుడక్కడ వందల పడవలు కర్ర దిమ్మెల మీద నిలబడి రంగు వేయించుకుంటున్నాయి.

కాటమరాన్ అన్న పేరు చోళమండల తీరానిదైనా దీని ఒళ్లు మాత్రం పసిఫిక్ దీవుల జంట పడవలది. పేరిచ్చిన తెప్ప ఏనాడూ అద్దె కట్టలేదు. వేటయ్యాక తాళ్లు విప్పి, దుంగల్ని ఇసుకలోకి లాగి ఎండబెడితే రేవు ఖర్చు సున్నా. విప్పడానికి వీల్లేని మరబోట్లు వచ్చాకే మన తీరంలోనూ చోటు కోసం ఇరుకు మొదలైంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుంటే, ఒకదాన్ని ఆనుకుని ఒకటి కట్టిన దాదాపు 40 బోట్లు కాలిపోయాయి.

మన దేశానికి తెచ్చుకోవాలని యజమానికి ఎప్పటినుంచో ఉంది. పాకాల వాళ్లకు తెలిసిన మెరీనా చెన్నైలో ఉంది కానీ అక్కడ దొరికేది సుండలే, బెర్తు కాదు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో చేపల రేవులున్నాయి, సరుకు ఓడరేవులున్నాయి, తెరచాప పడవల్ని కట్టుకోనిచ్చే పెద్ద మెరీనా ఒక్కటీ లేదు. విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య నౌకాదళం వారి తెరచాప పడవ 'తారిణి' మీద 2017-18లో ప్రపంచం చుట్టి వచ్చింది గోవాకే. ఆంధ్రలో చోటు లేదు కనుక యజమానికి మిగిలింది కొచ్చి. బోల్గట్టి దీవిలో కేరళ పర్యాటక సంస్థ నడిపే చిన్న మెరీనా ఉంది.

ఈ లెక్కలన్నీ దామలచెరువులో ఉన్న అక్కకు ఫోనులో వినిపించాడు.

"ఆ దుడ్లన్నీ నీళ్లలో పోసేదానికి బదులు ఈడ మన మామిడితోటలో పెట్టుకోరా అబ్బోడా. అద్దె ఎవురడగతారు?"

"కొచ్చి నుంచి లారీ మీద తేవాలక్కా. ఏడు మీటర్ల వెడల్పు. మొగిలి ఘాట్లో ఎదురొచ్చే బస్సు యాడ పోవాల?"

"నడిమికి కోసి తెచ్చుకో."

ఈ మాట పడవ కూడా వింది. యజమాని నవ్వేసి, ఆక్టియో యార్డు ఫారంలో వెడల్పు గడి నింపి, ఏడాది అద్దె ఒకేసారి పంపించాడు. నెలనెలా కడితే ఇంకా ఎక్కువవుతుంది.