క్రిమిసంహారక ప్రవర: సటీకా తాత్పర్యము

మూలం: ఐరోపా సమాఖ్య 528/2012 నిబంధన, మూడవ అధికరణం. ఉపయోగాలు సదృశమై, క్రియాశీల పదార్థాలు అవే అయి, నిర్దేశించిన తేడాలకు లోబడి కూర్పు సదృశమై, ప్రమాదమూ పనితనమూ సదృశ స్థాయిలో ఉన్న ఉత్పత్తుల గుంపు బయోసైడ్ కుటుంబం.

అవతారిక: 1998 నాటి ఆదేశంలో ఈ కుటుంబం ‘ఫ్రేమ్ ఫార్ములేషన్’ అనే మారుపేరుతో అజ్ఞాతవాసం చేసింది. పై నిబంధన అమల్లోకి వచ్చిన 2013 సెప్టెంబరులో బయటపడింది.

ప్రతిపదార్థం: బాలురకు సైతం తెలిసినదే కనుక విడిచితిమి. సదృశమంటే ఎంతమేరకో మూలకారుడే విడిచాడు.

విశేషం: క్రియాశీల పదార్థమే ఇక్కడ మూలఋషి. ఇథనాల్ వారు ఒక గోత్రం, క్లోరిన్ వారు ఒకటి. అయితే సగోత్రమని తేల్చడం మాటలు కాదు. బౌధాయనుడి ప్రకారం రెండు ప్రవరల్లో, అంటే వంశఋషుల వరుసల్లో, ఒక్క ఋషి కలిసినా సంబంధం కుదరదు. భృగ్వంగిరస గణాలకు మాత్రం ఒక్కరు చాలరు. ముగ్గురు ఋషులుంటే ఇద్దరు, అయిదుగురుంటే ముగ్గురు కలవాలి. ఎంత ముచ్చటైన లెక్క! పురోహితుడు తడబడితే పిల్ల మేనమామ వేళ్లమీదే సరిచేయగలడు. ఇక ద్వ్యాముష్యాయణులు, అంటే రెండు గోత్రాలవారు, ఉన్నారు. శౌంగశైశిరులు భరద్వాజులకూ విశ్వామిత్రులకూ చెందుతారు గనుక, పాపం, ఆ రెండిళ్లలోనూ పిల్ల దొరకదు. వీరి సంగతి మరో నాలుగు పుటలు రాయవచ్చు... ఎక్కడున్నాం? ఆ, సీసా దగ్గర.

తాత్పర్యం: పైన కుటుంబం, అడుగున సీసా, నడుమ ‘మెటా ఎస్పీసీ’ (ఉత్పత్తి లక్షణాల ఉమ్మడి సారాంశం) అనే శాఖ. మదింపు చేసేవారు ఈ మొత్తంలో అత్యధిక ప్రమాదాన్నీ అత్యల్ప పనితనాన్నీ చూడాలి. ప్రమాదం ఒక సభ్యుడిదీ అసమర్థత మరొకడిదీ కావచ్చు. రెండూ మూర్తీభవించిన ఆ మహానుభావుడు ఏ దుకాణంలోనూ దొరకడు. విచారణ మాత్రం ఆయన మీదే.

అనుమతిలో పేరు లేని కొత్త సభ్యుణ్ణి అమ్మాలంటే 30 రోజుల ముందు అధికారులకు తెలపాలి. అనుమతించిన హద్దులో రంగో సువాసనో మాత్రమే మారితే అక్కర్లేదు. నిమ్మ లావెండరైతే శాస్త్రానికి అభ్యంతరం లేదు.

శంక: ఇంత సూక్ష్మంగా వంశవృక్షం గీసినవారు మూలఋషుల యోగ్యతను ముందే తేల్చి ఉంటారు కదా?

సమాధానం: లేదు. ఏనాటి నుంచో వాడుకలో ఉన్న క్రియాశీల పదార్థాల పరిశీలన 2010కల్లా ముగియాల్సింది. ఆ గడువు 2014 అయింది, తర్వాత 2024 చివర, ఇప్పుడు 2030 చివర. నిర్ణయం రాని పదార్థాలు ఈలోగా, చాలాచోట్ల, ఆయా దేశాల పాత చట్టాల నీడన అమ్ముడవుతూనే ఉన్నాయి. నేల తుడిచే మనిషికి కావలసింది ఇది చేతులకు హానా కాదా, ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలి అన్నదే. ఆవిడకు మెటా ఎస్పీసీతో పనేమిటి? శాఖలు గీయడానికి వెచ్చించిన బుద్ధిలో సగం ఆ పరిశీలన మీద పెట్టి ఉంటే మాకీ టీకా రాసే శ్రమ తప్పేది.