తాళాలు నాలుగు, షట్టర్ ఒక్కటే

మహారాజశ్రీ కేంద్ర న్యాయశాఖ మంత్రివర్యుల సముఖమునకు,

పోచంపాడ్ నుంచి ఒక పసుపు రైతు నమస్కరించి రాసుకునే విన్నపం ఏమనగా...

మా ఊరు తమరికి తెలియకపోవచ్చు గానీ మా డ్యాం తెలిసే ఉంటుంది. 1963 జూలై 26న నెహ్రూ గారు వచ్చి శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఇదే. గేట్లు 42. ఏ గేటు ఎత్తాలో, ఎన్ని అడుగులు ఎత్తాలో చెప్పే నోరు మాత్రం ఒక్కటే. కింద కాలువ మీద తూము తిప్పేవాణ్ణి మేం లష్కర్ అంటాం. తూముకు ఒక్కడే లష్కర్. ఇద్దరుంటే నీళ్లు పారవు, తలకాయలు పగుల్తాయి. ఇంత చిన్న సంగతి ఢిల్లీ దాకా ఎందుకు మోసుకొస్తున్నానో మనవి చేస్తాను.

మా అడ్తిదారు (పేరు రాయను, ఆయనకూ పిల్లలున్నారు) నావి 62 బస్తాల పసుపు కొమ్ము కొని, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ చేతిలో పెట్టి, పైసలు వారంలో ఇస్తానన్నాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఒక పొద్దున కొట్టుకు పోతే షట్టర్ దించి ఉంది. దాని మీద కాగితాలు. ఒకటి బ్యాంకుది, సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకున్నామని. పక్కన పాత వ్యాట్ బాకీకి జప్తు చేశామని వాణిజ్య పన్నుల వాళ్లది. మూడోది సివిల్ కోర్టు అమీనా అంటించింది; నాకంటే ముందు మేల్కొన్నవాడెవడో దావా వేశాడు. నెల తిరక్కుండానే అడ్తిదారు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు. అప్పుడు ఇంకో కబురు తెలిసింది. ఆయన పసుపు పొడి మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ పేరున ఉందట, దాని సంగతి హైదరాబాద్ నాగోలులో ఉన్న కంపెనీ లా ట్రైబ్యునల్ చూస్తుందట. బస్తాలు లోపలే ఉన్నాయి. పసుపుకు పుచ్చు పట్టడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

ఆర్మూర్‌లో వకీలు సాబ్ దగ్గరికి పోయి, "ఎవరి పైసలు ముందొస్తయి సార్?" అని అడిగాను. ఆయన చాయ్ తాగుతూ ఎదురు ప్రశ్న వేశాడు: "ఏ కోర్టులో?"

ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తమరికి అంత శ్రమ లేకుండా చెప్తాను. ఐపీ నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. అందులో 61వ సెక్షన్ ప్రకారం సర్కారు బాకీ మొదటి వరుస. అదే వరుసలో గుమాస్తాకూ కూలీకీ నాలుగు నెలల జీతం ఇమ్మన్నారు, కానీ మొత్తం కలిపి 20 రూపాయలు మించకూడదట. మా అడ్తిదారు దగ్గర పదేళ్లు బస్తాలు మోసిన హమాలీకి ఈ సెక్షన్ చదివి వినిపిస్తే, చాయ్ పైసలైనా చట్టంలో రాసిపెట్టారని సంతోషించాడు.

మిల్లు దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. 2016 దివాలా చట్టం 53వ సెక్షన్‌లో ముందు దివాలా ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల జీతాలూ తాకట్టున్న బ్యాంకులూ సమానంగా, తర్వాత మిగతా ఉద్యోగులు, ఆ తర్వాత తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లు. సర్కారు పన్ను అయిదో మెట్టు. నేను ఆరు. అంటే అదే మనిషి ఎగ్గొట్టిన అదే పన్ను, ఐపీ కోర్టులో పెళ్లికొడుకు, నాగోలులో పిలవని చుట్టం. బ్యాంకు తన తాకట్టును రిజిస్టర్ చేయించుకుని ఉంటే సర్ఫేసీ చట్టం 26ఇ సెక్షన్ పన్ను కంటే బ్యాంకే ముందంటుంది. మా రాష్ట్ర వ్యాట్ చట్టం 26వ సెక్షనేమో ఆస్తి మీద మొదటి హక్కు పన్నుదే అంటుంది. నంబరు కూడా అదే చూశారా! 1920 చట్టం తప్ప ఇవన్నీ "ఇతర చట్టాలలో ఏమి ఉన్నప్పటికీ" అనే మాటతోనే పెత్తనం తీసుకుంటాయి. ముగ్గురు లష్కర్లూ "మిగతా ఇద్దరూ ఏమన్నా సరే" అంటే తూము ఎవరు తిప్పాలి దొరా?

ఇది నా ఒక్కడి గోస కాదు. వీఎన్ఆర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్స్ అనే కంపెనీ దివాలా తీస్తే లిక్విడేటర్ దాని ఆస్తిని వేలం వేశాడు. లియో ఎడిబుల్స్ అండ్ ఫ్యాట్స్ అనే కంపెనీ పాడుకుంది. తీరా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయింది. ఆదాయపు పన్ను రికవరీ అధికారి ఆ ఆస్తిని అంతకుముందే జప్తు చేసి ఉన్నాడు మరి. ట్రైబ్యునల్ కింద అమ్మిన ఆస్తి కోసం కొన్నవాడు హైకోర్టు మెట్లెక్కాడు. అప్పటికి రెండు రాష్ట్రాలకూ ఒకటే అయిన మన హైకోర్టు 2018 జూలై 26న తేల్చింది: జప్తు చేసినంత మాత్రాన పన్ను శాఖ తాకట్టు పెట్టుకున్న బ్యాంకు అయిపోదు, 53వ సెక్షన్ వరుసలో నిలబడి తన వంతు అడగాలి, రిజిస్ట్రేషన్ చేయండి అని. మా డ్యాంకు పునాది రాయి పడిన రోజుకు సరిగ్గా 55 ఏళ్లు. శుభశకునం అనుకున్నాను.

కానీ 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రెయిన్‌బో పేపర్స్ కేసులో గుజరాత్ వ్యాట్ బాకీకి తాకట్టు హోదా ఇచ్చింది. 2023 జూలైలో రామన్ ఇస్పాత్ కేసులో మరో ధర్మాసనం ఆ తీర్పు ఆ కేసు వరకే అంది. అక్టోబరులో మొదటి తీర్పును మళ్లీ చూడండని వెళ్లినవాళ్లకు కుదరదన్నారు. చిక్కు విప్పడానికి 2025 ఆగస్టులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, సంతోషం. కానీ అది కంపెనీల దివాలా సంగతి. మా ఐపీ కోర్టు 1920లోనే కూర్చుని ఉంది, 20 రూపాయలు పట్టుకుని.

ఈ లోపల ఆస్తి ఊరుకుంటుందా? మా డ్యాం కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి ఇప్పుడు 80 చిల్లరకు దిగింది. జప్తు ఆస్తికి ఆలస్యమే పూడిక. నమ్మకపోతే మా ఆర్మూర్ రోడ్డు మీద మెట్‌పల్లి వైపు వెళ్లి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ చూడండి. నిజాం కాలంలో బోధన్‌లో మొదలైన సంస్థ తాలూకు ఫ్యాక్టరీ. 2015 డిసెంబరులో మూతపడింది, తర్వాత ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కార్మికులకు కాగితం మీద బ్యాంకులతో సమానంగా రెండో వరుస. యంత్రాలకు తుప్పు.

మేం బెదిరించేవాళ్లం కాదు గానీ ఒక్కటి గుర్తుచేస్తాను. 2019లో పసుపు బోర్డు కోసం నిజామాబాద్ లోక్‌సభకు పోటీలో నిలిచింది 185 మంది, అందులో ఎక్కువ మంది రైతులమే. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. బోర్డు 2025లో వచ్చింది, అది వేరే కథ. యంత్రాలు 12 ఉన్నా మనిషికి ఓటు ఒక్కటే పడింది, లెక్క ఒక్కచోటే తేలింది. ఎన్నికల సంఘం చేయగలిగింది న్యాయశాఖ చేయలేదా?

నన్ను ముందు వరుసలో నిలబెట్టమనడం లేదు. కాలువ చివరి ఆయకట్టు వాణ్ణి, ఆఖరున రావడం అలవాటే. నీళ్లు ఏ తూము నుంచి వస్తాయో తెలిస్తే చాలు. పాడయ్యే సరుకును ముందే అమ్మి పైసలు కోర్టులో వేయించే దారి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉందని వకీలు సాబ్ చెప్పాడు. దరఖాస్తు కూడా రాయించాను. పైన కోర్టు పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆ ఒక్క పేరు తమరు రాసి పంపండి. ఆర్మూరైనా, నాగోలైనా మొదటి బస్సుకే బయల్దేరతాను.

ఇట్లు,
తక్‌పట్టీ జేబులో పెట్టుకుని తిరుగుతున్న ఒక పసుపు రైతు,
పోచంపాడ్, నిజామాబాద్ జిల్లా.

తా.క.: 62 బస్తాలని పైన రాశాను. మొన్న షట్టర్ సందులోంచి టార్చి వేసి చూశాను. ఎలుకలు కూడా దావాలో చేరాయి.