మొదటి శ్రీ సగమే పడింది

మాది రాజమండ్రి. గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని 1932లో కోసూరి వెంకటరత్నం గారు పెన్నుల తయారీ మొదలుపెట్టిన ఊరు. నేను పుట్టింది ఆ ఇంట్లో కాదు, ఓ సందులో లేత్ మిషనున్న చిన్న షెడ్డులో. ఊరి పేరు మాత్రం అందరం వాడుకుంటాం. నా ఒళ్ళు ఎబొనైట్. రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికించి గట్టిపరిచిన నల్లటి కడ్డీ. గట్టిగా రుద్దితే ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. పుట్టింటి వాసన, నాకేం సిగ్గు లేదు.

నన్ను కొన్నది ఓ కాలేజీ పిల్ల, వాళ్ళ తాతయ్య కోసం. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాడు.

"బాల్‌పెన్ను ఉండగా ఇదెందుకే అమ్మలూ?" అన్నాడు గానీ, అప్పటికే నా మూత తిప్పుతున్నాడు.

ఇంకు పోయడం ఆయన చేతులు మరిచిపోలేదు. మెడ దగ్గర మర విప్పి, ఫిల్లరుతో నీలం ఇంకు నింపి, మళ్ళీ బిగించి, కొత్త నోటుబుక్కు తెరిచాడు. పేజీ నెత్తిన ముందు శ్రీ పడాలి కదా. శ వంపు బాగానే దిగింది. గుడిదీర్ఘం దగ్గరికొచ్చేసరికి నా గొంతు ఎండింది. ఇక క్రారవడి గీరుడే తప్ప రంగు లేదు.

పాళీ కింద నాలుకలాంటి ముక్క ఒకటుంటుంది. దాని సన్నటి గాడిలోంచి ఇంకు కిందికి దిగాలి, దిగినంత మేరా గాలి పైకెక్కాలి. గాడిలో మిషను నూనె జిడ్డు మిగిలిపోతే ఇంకు దాన్ని పట్టుకుని నడవదు. ఆయన మాత్రం బడి రోజుల అలవాటు కొద్దీ పాళీని తలకేసి రుద్దబోయాడు. జిడ్డు వదలడానికి కొబ్బరినూనె వైద్యం!

"తాతయ్యా, అక్కడ జుట్టేదీ?" అని నవ్వుతూ లాక్కుంది పిల్ల. ఇంకు వంపేసి, సబ్బునీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నింపి ఇచ్చింది.

ఈసారి శ్రీ తడిగా మెరుస్తూ పడింది. దాని కిందే, చేతికి తోచిన మొదటి మాట: వ్రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు. అబ్బ, ఆ వేలి బరువు! కింద రెండు కార్బన్లు పెట్టి బాల్‌పెన్నుతో నొక్కినొక్కి రాసిన చెయ్యి అది. నా పాళీ రెండు పాయలూ విచ్చుకుపోయాయి, 'ద'లో సుడి మూసుకుపోయింది, 'స్తా' మీద పెద్ద చుక్క కూర్చుంది. నాసిరకం కాగితం దాన్ని ఊలు పోగుల్లా పాకించింది. పిల్ల కంగారుగా టిష్యూ కోసం వెతుకుతుంటే, ఆయన గుమ్మం పక్కనున్న ముగ్గు సుద్ద తెచ్చి చుక్క మీద మెల్లిగా ఆనించాడు. సుద్ద నీలమైంది. ఆయన మొహంలో ఏడో క్లాసు కుర్రాడు కనిపించాడు.

"దీన్ని నొక్కకూడదు కదూ," అన్నాడు తనలో తాను.

బాల్‌పెన్ను గుండు ఎటు తోసినా దొర్లుతుంది. నన్ను కిందికి లాగితే జారతాను, పైకి తోస్తే గీరతాను. తెలుగు అక్షరమేమో ఊరికే ఉండదు, తలకట్టుకని పైకి లేస్తుంది, వట్రుసుడికని మెలి తిరుగుతుంది. రెండు వరుసలు పోట్లాడుకున్నాం. మూడో వరుసలో ఆయన నన్ను ఇంకాస్త వాల్చి, వేళ్ళ మధ్య పిసరంత తిప్పి పట్టుకున్నాడు. నా కొన కాగితం మీద సరిగ్గా ఆనింది. గీరుడు తగ్గి, సన్నటి సరసర మిగిలింది.

ఒక సంగతి ఆయనకింకా తెలియదు. పొట్టలో ఇంకు తగ్గినకొద్దీ గాలి పెరుగుతుంది. చేతి వేడికి అది ఉబ్బి, చెప్పాపెట్టకుండా ఒక చుక్కను బయటికి తోస్తుంది. ఆ రోజు ఆయన తెల్లచొక్కా వేసుకోకూడదని నా కోరిక.

పేజీ నిండింది. కింద సంతకం పెట్టి, ఆరేదాకా ఊది, కాగితం తిప్పాడు. తర్వాతి పేజీ మీద చూపుడువేలితో తడుముకుంటూ వచ్చాడు. పైన దస్తావేజు మాట పడ్డచోట గుంటలు తగిలాయి. వేలు కిందికి దిగింది, సంతకం దాకా.

అక్కడ నున్నగా ఉంది.