నేను పట్టిన తాడు

నా ఒంట్లో నాలుగు భాగాలు. తలకు ఒకవైపు గట్టి మంచులో దిగే సూటి మొన, రెండోవైపు మెట్లు చెక్కే బాడిస, చేత పట్టడానికి చెక్క కామ, కామ అడుగున ఇనుప పొన్ను. కొండలెక్కేవాళ్లు నన్ను ఐస్ యాక్స్ అంటారు. నాకు పేరొచ్చింది మాత్రం నా కామ వల్ల. 1953 ఆగస్టు 10న కారకోరం పర్వతాల్లోని కే2 మీద, దాదాపు ఏడున్నర వేల మీటర్ల ఎత్తులో, ఆ కామకు మెలిపడిన ఒక తాడు ఆరుగురి బరువు మోసింది. తాడు రెండో వైపున్నది నా యజమాని పీట్ షోనింగ్ ఒక్కడే. సియాటిల్ కుర్రాడు, అప్పటికి ఇరవై ఆరేళ్లు.

ఆ ఏడాది మే 29న ఎవరెస్టు మీద మనిషి కాలు పెట్టాడు. రెండో ఎత్తయిన శిఖరం కే2, 8,611 మీటర్లది, ఇంకా ఎవరికీ లొంగలేదు. దాన్ని ఎక్కడానికి వెళ్లిన మా జట్టు నాయకుడు చార్లెస్ హ్యూస్టన్ వృత్తిరీత్యా డాక్టరు. ఆయనా, బాబ్ బేట్సూ 1938లోనే ఆ కొండ మీద చాలా ఎత్తుకు వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు. జార్జ్ బెల్, బాబ్ క్రేగ్, డీ మోలెనార్, ఆర్ట్ గిల్కీ, మా పీట్, వీళ్లంతా అమెరికన్లు. టోనీ స్ట్రీథర్ బ్రిటిష్ సైనికాధికారి. దేశ విభజన తర్వాత డార్జిలింగ్ షెర్పాలు పాకిస్తాన్ వైపు రావడం కుదరలేదు. హుంజా కూలీలు కింది క్యాంపుల దాకా మోశారు. ఆ పైన మోతంతా ఈ ఎనిమిది మందిదే. బేస్ క్యాంపులో కల్నల్ అతావుల్లా రేడియో దగ్గర కూర్చునేవారు. మా కోసమని రేడియో పాకిస్తాన్ వాతావరణ సమాచారం చెప్పేది.

ఆగస్టు 2 నాటికి ఎనిమిది మందీ ఎనిమిదో క్యాంపుకు చేరారు. చాలా రోజులకు సరిపడా తిండీ, ఇంధనమూ పైన ఉన్నాయి. శిఖరానికి ఎవరు ముందు వెళ్లాలో రహస్య ఓటుతో తేల్చుకున్నారు. మొదటి జట్టు బెల్, క్రేగ్. రెండో జట్టు గిల్కీ, పీట్. ఎవరి పేరు వచ్చినా అందరూ ఒప్పుకున్నారు. ఇక కావలసింది తెరిపి మాత్రమే. అదే రాలేదు.

తుపాను అంటే సముద్రం నుంచి వచ్చేదే మీకు తెలుసు. అది ఊరి మీదుగా దాటిపోతుంది. పైన అలా కాదు. గాలి కొండకు అతుక్కుని రోజుల తరబడి అక్కడే ఉంటుంది. నేల మీదున్న మంచును లేపి మళ్లీ మళ్లీ కొడుతుంది కాబట్టి ఆకాశం నుంచి మంచు పడుతోందో లేదో కూడా తెలియదు. గుడారం గుడ్డ అదే పనిగా కొట్టుకుంటుంటే పక్కవాడి మాట వినబడదు. స్టవ్ వెలగదు. స్టవ్ వెలగకపోతే మంచు కరగదు, మంచు కరగకపోతే తాగడానికి నీళ్లుండవు. అంత ఎత్తులో ఆకలి కంటే ముందు చంపేది దాహమే. ఒంట్లో నీరు తగ్గితే, పలచని గాలికి అప్పటికే చిక్కబడిన రక్తం మరింత చిక్కబడుతుంది. ఆగస్టు 4న హ్యూస్టన్, బెల్ ఉన్న గుడారం చిరిగిపోయింది. వాళ్లు మిగతా గుడారాల్లోకి ఇరుక్కున్నారు. నేను బయట మంచులో దిగబడి ఉన్నాను.

ఆగస్టు 7న గాలి కాస్త నెమ్మదించింది. గిల్కీ గుడారం బయటికి వచ్చి నిలబడబోయి కూలిపోయాడు. కాలి పిక్క పట్టేసిందని అంతకుముందే అంటున్నాడు. హ్యూస్టన్ చూసి చెప్పారు: కాలి సిరల్లో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోతుంది. నడిపించడం అసంభవం. కొండ దిగితే తప్ప బతికే దారి లేదు. ఆ ఎత్తు నుంచి, ఆ వాలు మీదుగా, నడవలేని మనిషిని దించడమూ దాదాపు అసంభవమేనని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇదే కొండ మీద 1939లో డడ్లీ వుల్ఫ్ పైన చిక్కుకుపోతే, ఆయన్ని దించబోయిన ముగ్గురు షెర్పాలు, పసాంగ్ కికులీ, పసాంగ్ కితార్, పింత్సో, తిరిగి రాలేదు. ఆ సంగతి తెలియనివాళ్లు మా జట్టులో ఎవరూ లేరు.

అయినా గిల్కీని వదిలి వెళ్దామా అన్న మాట ఏ నోటి నుంచీ రాలేదు. శిఖరం ఊసూ ఎవరూ ఎత్తలేదు. శిఖరానికి ఓట్లు వేసుకున్నవాళ్లకు ఈ విషయంలో ఓటింగు అవసరమే పడలేదు. అదే రోజు అతన్ని చుట్టబెట్టి దించడానికి బయల్దేరారు. కింద వాలు మీద కొత్త మంచు ఏ క్షణాన చరియగా జారుతుందోనన్నట్టు ఉంది. వెనక్కి తిరిగారు. పీట్, క్రేగ్ వేరే దారి వెతకడానికి వెళ్లి ఒక రాతి గట్టును చూసి వచ్చారు. అంతలో తుపాను మళ్లీ ముంచుకొచ్చింది. గిల్కీకి దగ్గు మొదలైంది. అందరికీ భారమవుతున్నానని అతను నొచ్చుకున్నాడే గాని, నన్ను కాపాడండని అడగలేదు.

ఆగస్టు 10 ఉదయం తుపానులోనే బయల్దేరారు. స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టి, చుట్టూ చిరిగిన గుడారం గుడ్డ కట్టి, మత్తు మందు ఇచ్చి, తాళ్లతో అంగుళం అంగుళం దించారు. మధ్యాహ్నానికి ఏడో క్యాంపు ఎత్తుకు వచ్చారు. ఇక అడ్డంగా ఒక నిటారు మంచు వాలు దాటితే గుడారం వేయగల చిన్న అరుగు. ఓ చిన్న మంచు చరియ దెబ్బకు నీరసపడిన క్రేగ్ అప్పటికే ఆ అరుగు మీదికి చేరాడు. పీట్ పైన నిలబడ్డాడు. మంచులో కూరుకుని గడ్డకట్టుకున్న ఒక బండ ఉంది. దాని వెనక నన్ను లోతుగా దింపి, గిల్కీ తాడును నా కామకు మెలివేసి, తన ఒంటి చుట్టూ తిప్పుకున్నాడు. గుంజకు పలుపు చుట్టి రెండో కొస మనిషి పట్టుకున్నట్టే అది. కొండలెక్కేవాళ్లు దాన్ని బిలే అంటారు.

అప్పుడు బెల్ జారాడు. గట్టి మంచు మీద బూటు నిలవలేదు. అతనితో ఒకే తాడుకు కట్టుకున్న స్ట్రీథర్‌ను లాక్కుపోయాడు. ఆ తాడు హ్యూస్టన్, బేట్స్‌ల తాడుకు చిక్కుకుని ఆ ఇద్దరినీ లాగింది. మోలెనార్ గిల్కీకి ఉన్న తాడుకు తనను కట్టుకున్నాడు. అతనూ పడ్డాడు. అక్కడ కింద కొన్ని వేల అడుగులు ఖాళీ. గిల్కీతో కలిపి ఆరుగురి బరువు ఒకే తాడు మీద, నా మీద, ఆ బండ మీద, పీట్ నడుము మీద పడింది.

నేను విరగలేదు. ఎందుకు విరగలేదని చాలామంది లెక్కలు వేశారు. నాకు తెలిసింది చెబుతాను. ఆ తాడు నైలానుది. యుద్ధ కాలంలో వచ్చిన కొత్త సరుకు. పాత మనీలా నార తాడైతే అంత సాగదు. నైలాను సాగి దెబ్బను మింగుకుంటుంది. బండ వెనక ఉన్నాను కాబట్టి మంచు ఒక్కటే నన్ను పట్టుకోవాల్సిన పని లేకపోయింది. వీటన్నిటికీ ముందు, పీట్ తాడు వదల్లేదు. వాళ్లు పడడం చూసిన క్షణంలో పీట్ తన బరువంతా నా మీద వేశాడు. తర్వాత చేతులు కొంకర్లు పోతున్నా, గిల్కీని వేరే ఆధారానికి కట్టేదాకా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ప్రశంస ఎవరికి చెందాలో నాకు ఏనాడూ సందేహం కలగలేదు.

పడినవాళ్లలో హ్యూస్టన్ తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పారు. తెలివి వచ్చాక ఎక్కడున్నారో ఆయనకు తెలియలేదు. ఇంటి దగ్గర భార్యా కూతురూ ఉన్నారని గుర్తుచేసి బేట్స్ ఆయన్ని పైకి ఎక్కించాడు. బెల్ కళ్లద్దాలూ చేతి తొడుగులూ పోయాయి. బేట్స్ తన దగ్గరున్న మరో జత తెచ్చి తొడిగాడు. అందరూ గాయపడ్డారు, ముందు గుడారం వేస్తే తప్ప చీకట్లో ఎవరూ మిగలరు. అందుకని గిల్కీని ఆ వాలు మీదే రెండు ఐస్ యాక్సులకు కట్టి, మళ్లీ వస్తామని చెప్పి అరుగు మీదికి వెళ్లారు. గుడారం వేశాక బేట్స్, స్ట్రీథర్, క్రేగ్ తిరిగి వెళ్లి చూస్తే వాలు నున్నగా ఉంది. గిల్కీ లేడు. ఆ రెండు యాక్సులూ లేవు.

మంచు చరియ వచ్చి ఊడ్చుకుపోయిందని అప్పుడు అనుకున్నారు. తనవల్ల మిగతావాళ్లు చనిపోతారని గిల్కీయే తాడు విప్పేసుకుని ఉంటాడని హ్యూస్టన్ తర్వాతి కాలంలో నమ్మారు. మత్తులో ఉన్న మనిషికి అది సాధ్యం కాదని అన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఆ ఊహ కంటే ఆ రెండు యాక్సులే ఎక్కువగా గుర్తొస్తాయి. అవీ నా జాతివే. నాకు ఆసరాగా బండ ఉంది, తాడు పట్టుకున్న మనిషి ఉన్నాడు. వాటికి ఉన్నది మంచు ఒక్కటే. వాటి గురించి ఎవరూ అడగరు.

ఆ రాత్రి హ్యూస్టన్ మతి తప్పినట్టు ఒక్కొక్కరి పేరూ పెట్టి వాడెలా ఉన్నాడు, వీడెలా ఉన్నాడని అడుగుతూనే ఉన్నారు. గాలి లేక అందరూ చచ్చిపోతారని గుడారానికి కన్నం పెట్టబోయారు. మిగతావాళ్లు ఆయన్ని పట్టుకుని తెల్లవార్లూ టీ కాచుకుంటూ గడిపారు. దిగే దారిలో రాళ్ల మీద నెత్తురు జాడలు, చిరిగిన గుడ్డ పేలికలు, విరిగిన ఒక యాక్సు కనిపించాయి. అందరూ చూశారు. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోవడానికి వాళ్లకు చాలా కాలం పట్టింది. రెండో క్యాంపు దగ్గర హుంజా కూలీలు ఎదురొచ్చి, కౌగిలించుకుని ఏడ్చి, ప్రార్థన చేశారు. బెల్ కాళ్లు మంచు కాటుకు గురయ్యాయి, నడవలేడు. బేస్ క్యాంపు నుంచి అతన్ని వాళ్లే మోసుకెళ్లారు.

మరుసటి ఏడు జులై 31న ఇటలీ జట్టు కే2 ఎక్కింది. పీట్ 1958లో గాషెర్‌బ్రమ్-1 ను మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకడయ్యాడు. 2004లో పోయాడు. ఆనాడు ఆ తాడుకు వేలాడినవాళ్ల పిల్లలూ మనవలూ ఒకచోట కలుసుకున్నారని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నేనిప్పుడు కొలరాడోలోని గోల్డెన్ అనే ఊళ్లో, బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ పేరిట ఉన్న పర్వతారోహణ మ్యూజియంలో ఉంటున్నాను. ఆరుగురిని నిలబెట్టిన యాక్సు అని నన్ను చూపిస్తారు. నిలబెట్టిన మాట నిజమే. ఇళ్లకు చేరింది మాత్రం ఐదుగురు.

మ్యూజియానికి వచ్చినవాళ్లు ఆ కొద్ది క్షణాల గురించే అడుగుతారు. నేను చెప్పాలనుకునేది ఆగస్టు 7 గురించి. గిల్కీ లేవలేడని తెలిసినప్పుడు ఏడుగురు తాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు, అంతే. బండ వెనక నన్ను పాతింది ఆగస్టు 10 మధ్యాహ్నమే గాని, నేను అక్కడికి చేరింది ఆ నిర్ణయం వల్ల. గిల్కీ అవశేషాలు 1993లో కొండ అడుగున హిమానీనదంలో బయటపడ్డాయి. 1953లో కొండ దిగిన మిత్రులు బేస్ క్యాంపు దగ్గర, రెండు హిమానీనదాలు కలిసేచోట, అతని కోసం రాళ్ల గుట్ట పేర్చి వెళ్లారు. తర్వాత కే2 మీద పోయిన ఎన్నో దేశాలవాళ్ల పేర్లు చెక్కిన రేకులు దానికి వేలాడదీస్తూ వచ్చారు. ఆ వరసలో మొదటి పేరు ఆర్ట్ గిల్కీది.